పగడాల తొట్టిలో నీరు ఎలా తిరగాలి: తిరుపతి ఎండలకు, కరెంటు కోతలకు తట్టుకునే సమగ్ర మార్గదర్శి

రీఫ్ అక్వేరియం, అంటే ఉప్పునీటిలో పగడాలు పెంచే తొట్టి, పెట్టాలనుకున్నవాళ్లు అంగడికి పోగానే అడిగే మాట ఒకటే: "అన్నా, మూడడుగుల తొట్టికి ఎంత వేవ్‌మేకర్ కావాల?" వేవ్‌మేకర్ అంటే తొట్టి లోపల నీటిని తోసే పంపు. అంగడాయన దాని అట్టపెట్టె తిప్పి, గంటకు ఇన్ని వేల లీటర్లని చూపిస్తాడు. ఆ అంకె అవసరమే గానీ అసలు సంగతి దానితో తేలదు. ఒకే కంపెనీ పంపు పెట్టిన రెండు తొట్లలో ఒకచోట పగడాలు నిండుగా విచ్చుకుంటాయి, ఇంకోచోట రాళ్ల వెనక ఎర్రటి జిగురు పేరుకుంటుంది. నీరు ఎక్కడ ఆగిపోతోంది, ఎటు మళ్లుతోంది అన్నది చూసుకుంటేనే ఆ తేడా ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ఆగిపోయే చోట్లను వెతికి పట్టుకోవడం ఎలాగో అడుగడుగుగా చెబుతాను.

లెక్కల కోసం ఒక తొట్టిని ఉదాహరణగా పెట్టుకుందాం. పొడవు 3 అడుగులు, వెడల్పు 1.5, ఎత్తు 1.5. అంటే 6.75 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 191 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే లోపల నిజంగా ఉండే నీరు 160 లీటర్ల దగ్గర తేలుతుంది. లెక్కలన్నీ ఈ 160 మీదే చేయాలి, 191 మీద కాదు.

ప్రవాహం పగడానికి ఏం చేస్తుంది

పగడం కదల్లేని జంతువు. దాని తిండి దాని దగ్గరికే రావాలి, దాని మలినం దాని దగ్గర్నుంచి పోవాలి. రెండూ నీరే చేయాలి. ఏ వస్తువు ఉపరితలానికైనా ఆనుకుని కదలని నీటిపొర ఒకటి సన్నగా ఉంటుంది. ప్రవాహం తగ్గేకొద్దీ అది మందమవుతుంది. ఆక్సిజన్, కాల్షియం, పోషకాలు ఆ పొరను దాటుకునే పగడంలోకి చేరాలి. పొర మందమైతే తొట్టి నీటిలో అన్నీ సరిగ్గా ఉన్నా పగడానికి మాత్రం అందవు. పరీక్ష కిట్‌లో కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములు, అంటే సరిపడా వచ్చినా పగడం పెరగట్లేదని తల పట్టుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

పగడం కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. పగలు వెలుతురులో అవి ఆక్సిజన్ తయారుచేస్తాయి. ఆ ఆక్సిజన్ అక్కడే మితిమీరి పోగైతే కణాలకు హాని చేస్తుంది. దాన్ని కడిగేసేదీ ప్రవాహమే. కాబట్టి బలమైన లైటు పెట్టినవాళ్లు దానికి తగ్గ ప్రవాహం కూడా ఇవ్వాలి. రాత్రి వ్యవహారం తిరగబడుతుంది. వెలుతురు లేదు కనుక తొట్టిలో అన్నీ ఆక్సిజన్ పీల్చుకునేవే. తెల్లవారుజాముకు ఆక్సిజన్, పీహెచ్ రెండూ అట్టడుగుకు దిగుతాయి.

సముద్రంలో ఏ పగడం ఎక్కడ పెరుగుతుందో చూస్తే దానికెంత ప్రవాహం కావాలో తెలిసిపోతుంది. లక్షద్వీప్‌లో దీవి చుట్టూ పగడపు దిబ్బ, దాని లోపల నిలకడైన లగూన్, బయట అలలు విరిగే అంచు. కొమ్మల్లా పెరిగే గట్టి పగడాలు చాలావరకు అలల దెబ్బకు ఓర్చుకునేవి. కండ ఎక్కువగా ఉండి ఊగేవి మధ్యస్థ ప్రవాహాన్ని కోరతాయి. మెత్తటి మష్రూమ్ పగడాలు నీడలో, నెమ్మది నీటిలో హాయిగా ఉంటాయి.

మొదటి అడుగు: ఏం పెంచుతారో తేల్చుకోండి

తొట్టిలోని నీరంతా గంటకు ఎన్నిసార్లు తిరగాలి అన్నది ఇక్కడి కొలత. మష్రూమ్, జోయాంథస్, లెదర్ లాంటి మెత్తటి పగడాలకు 10 నుంచి 20 రెట్లు చాలు. టార్చ్, హ్యామర్ లాంటి కండ పగడాలకు 20 నుంచి 30. అక్రోపోరా లాంటి కొమ్మ పగడాలకు 40, అంతకు పైన. మన 160 లీటర్ల తొట్టిలో 20 రెట్లంటే గంటకు 3,200 లీటర్లు, 40 అంటే 6,400.

కొత్తవాళ్లు మెత్తటి వాటితో మొదలుపెట్టడమే మంచిది. ప్రవాహంలో కొంచెం అటూ ఇటూ అయినా అవి తట్టుకుంటాయి. చట్టం సంగతి కూడా ఉంది. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్‌లతో సహా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. రామేశ్వరం వైపు సముద్రం నుంచి తెచ్చామని ఎవరైనా పగడపు రాయి అమ్మజూపితే అటు చూడకండి. దాన్ని కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. విదేశాల నుంచి వచ్చినవైతే దిగుమతి పత్రాలు చూపించమనండి. లేవంటే వదిలేయండి. టార్చ్, హ్యామర్ లాంటి కండ పగడాలూ రాతి పగడాలే. కింద కండ, కొమ్మ పగడాల గురించి చెప్పేదంతా పత్రాలు సరిగ్గా ఉన్నవాటికే.

రెండో అడుగు: పంపు కంటే ముందు రాళ్లు

పంపులు కొనుక్కొచ్చి, రాళ్లు పేర్చాక ఎక్కడ తగిలించాలా అని వెతకడం తలకిందుల పని. రాళ్ల అమరికే నీటి దారిని నిర్ణయిస్తుంది.

వెనక అద్దానికి ఆనించి గోడలా పేర్చే పద్ధతి మన దగ్గర చాలామందికి అలవాటు. ముందునుంచి చూస్తే నిండుగానే ఉంటుంది. కానీ ఆ గోడ వెనక నీరు కదలదు. చేపల మలం, తినని మేత అక్కడే కుళ్లుతాయి. వెనక అద్దానికీ రాళ్లకూ మధ్య కనీసం 3 అంగుళాలు, పక్క అద్దాల దగ్గర 4 అంగుళాలు వదలండి. శుభ్రం చేసేటప్పుడు చెయ్యి దూరే సందు ఉంటే నీరూ దూరుతుంది. ఒక పెద్ద గుట్ట బదులు రెండు చిన్న దీవులు పెట్టి మధ్యలో కాలువ వదిలితే ఇంకా మేలు. రాయికీ రాయికీ మధ్య కంతలు ఉండాలి, గుహలకు రెండో వైపూ దారి ఉండాలి. ఒకవైపు మూసుకుపోయిన గుహ అంటే చెత్తబుట్టే.

రాళ్లను నేరుగా ఇసుక మీద కాకుండా, అద్దం మీద ముందు పెట్టి తర్వాత చుట్టూ ఇసుక పోయండి. కింద పీవీసీ ముక్కలు కాళ్లలా పెట్టి రాళ్లను ఒక అంగుళం పైకి లేపేవాళ్లూ ఉన్నారు. అది నాకు నచ్చిన పద్ధతి, రాళ్ల అడుగున కూడా నీరు పారుతుంది.

ఇసుక విషయం ఒక్క మాట. స్వర్ణముఖి ఇసుక కడిగి వాడొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. ఏటి ఇసుక ప్రధానంగా సిలికా. మనకు కావలసింది కాల్షియం కార్బొనేట్ ఉండే అరగొనైట్. అందులోనూ పంచదారలా సన్నగా ఉన్నది కాకుండా 1, 2 మిల్లీమీటర్ల గింజ తీసుకోండి. సన్న ఇసుకైతే పంపు రోంత పెంచగానే తుపాను లేచి, ఒక మూల గుట్టపడి, ఇంకో మూల అద్దం బయటపడుతుంది. వాకాడు దగ్గర తూపిలిపాళెం తీరం ఇప్పుడు మన జిల్లాలోనే ఉందని అక్కడి ఇసుక, నీళ్లు తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. తీరం దగ్గరి నీటిలో ఒండ్రు, వానాకాలంలో మంచినీటి కలయిక ఎక్కువ. ఉప్పు మిశ్రమం ఖర్చైనా దాంట్లో ఏముందో తెలుస్తుంది.

మూడో అడుగు: కింది తొట్టి, తిరుగు పంపు

కింద సంప్ తొట్టి పెట్టినవాళ్లకు పైనుంచి నీరు పైపులో దిగి, పంపుతో మళ్లీ పైకి ఎక్కుతుంది. ఈ తిరుగు పంపుతోనే మొత్తం ప్రవాహం సాధించాలని చూడకండి. దాని పని నీటిని వడపోతకు పంపడం, పైపొర తెట్టును లాగేయడం. గంటకు 5 రెట్లు చాలు. మన తొట్టికి 800 లీటర్లు.

అయితే 800 లీటర్ల పంపు కొంటే 800 రాదు. పెట్టె మీద రాసేది నీటిని పైకి ఎత్తకుండా కొలిచిన అంకె. సంప్ నుంచి పైకి నాలుగడుగులు ఎక్కించి, మధ్యలో మూడు నాలుగు మలుపులు తిప్పితే సగం దాకా పోవచ్చు. పంపుతో వచ్చే గ్రాఫులో 1.2 మీటర్ల ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చూసి కొనండి. 1,500 నుంచి 2,000 లీటర్లది సరిపోతుంది. మలుపుల దగ్గర లంబకోణపు ఎల్బో బదులు వంగే గొట్టం వాడితే నష్టం తగ్గుతుంది.

ఇక ఇల్లు తడిసే సంగతి. కరెంటు పోగానే తిరుగు పైపు సైఫన్ అయి పై తొట్టి నీటిని కిందికి లాగుతుంది, పైపు మూతి నీటి బయటికి తేలేదాకా ఆగదు. మన తొట్టిలో ఒక అంగుళం నీరంటే 10.6 లీటర్లు. మూతి రెండంగుళాల లోతులో ఉంటే 21 లీటర్లు దిగిపోతాయి, పైపుల్లో ఉన్నది అదనం. అంత ఖాళీ సంప్‌లో ఉందా? మూతిని అర అంగుళం లోతుకు మించి దించకండి. నీటి మట్టానికి కాస్త కింద పైపుకు 4, 5 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. మట్టం దిగగానే దాంట్లోంచి గాలి దూరి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రానికి పాచి పట్టకుండా నెలకోసారి పుల్లతో పొడవాలి. నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉందిలే అని ధైర్యపడొద్దు. ఉప్పునీటిలో సున్నం పట్టి అది సరిగ్గా మూసుకోకపోవడం మామూలు విషయం. అంతా బిగించాక స్విచ్ ఆపి, పక్కనే నిలబడి, సంప్‌లో నీరు ఎంతవరకు లేస్తుందో చూడండి. ఆ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. పంపు నడిచేటప్పుడు ఎంత వరకు నింపొచ్చో కూడా ఇంకో గీత. ఇంట్లో వేరేవాళ్లు నీళ్లు పోసినా తప్పు జరగదు.

సంప్ లేనివాళ్లు కంగారు పడక్కర్లేదు. వెనక తగిలించే ఫిల్టర్‌తో కూడా మెత్తటి పగడాలు బతుకుతాయి, పైపొర కదిలేలా చూసుకుంటే చాలు.

నాలుగో అడుగు: వేవ్‌మేకర్లు ఎక్కడ, ఎటువైపు

పాతకాలం పవర్‌హెడ్ పంపులు సన్నటి మూతి నుంచి నీటిని పైపులా చిమ్మేవి. ఆ ధార తగిలిన చోట పగడం చర్మం ఊడిపోయేది, అర అడుగు పక్కన నీరు కదిలేదే కాదు. ఇప్పటి వేవ్‌మేకర్లలో ప్రొపెల్లర్ ఉంటుంది. తక్కువ వాట్లతో ఎక్కువ నీటిని వెడల్పుగా, నెమ్మదిగా తోస్తుంది. సన్‌సన్ నుంచి జెబావో, ట్యూంజ్, వోర్‌టెక్ దాకా ధరలో ఎంతో తేడా ఉన్నా మూలసూత్రం ఇదే. ధర పెరిగేకొద్దీ శబ్దం తగ్గడం, కంట్రోలర్ మెరుగుపడడం చూస్తాం.

ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి కొనండి. మన తొట్టికి గంటకు 3,200 లీటర్లు కావాలంటే 2,500 నుంచి 3,000 ఇచ్చేవి రెండు తీసుకుని సగానికి కాస్త పైన నడపండి. శబ్దం తక్కువ, వేడి తక్కువ, ఒకటి పాడైనా రెండోది తొట్టిని నిలబెడుతుంది.

అమరికలో రెండు పద్ధతులు. మొదటిది ఎదురెదురు ధారలు. రెండు పక్క అద్దాలకూ ఒక్కో పంపు, ఎత్తులో ఒక అరచెయ్యి తేడాతో. రెండు ధారలు మధ్యలో ఢీకొని చెల్లాచెదురవుతాయి. పగడాలకు కావలసింది ఆ గజిబిజి నీరే. ఢీకొనే చోటు సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు పడేలా ఒకదాని వేగం తగ్గించండి, అప్పుడు రాళ్ల మధ్య కాలువలోకీ నీరు దూరుతుంది.

రెండోది చుట్టు ప్రవాహం. పంపులన్నీ ఒకే చివర, పైన. నీరు పైపొర వెంట పారి, ఎదుటి అద్దానికి తగిలి కిందికి దిగి, ఇసుక మీదుగా వెనక్కి వస్తుంది. బ్రహ్మోత్సవాల్లో వాహనం నాలుగు మాడవీధులూ తిరిగి గుడికి చేరినట్టు, నీరు తొట్టి గోడలన్నీ చుట్టి మొదటి చోటికే రావాలి. ఈ పద్ధతిలో తక్కువ బలంతో ఎక్కువ నీరు కదులుతుంది, ఎందుకంటే ఒకసారి కదలిక అందుకున్న నీటిని ఆపకుండా తోస్తున్నాం. పొడవాటి తొట్లకు, నాలుగడుగులు అంతకు పైన, ఇది బాగా కుదురుతుంది. రోజుకు కొన్నిసార్లు దిశ మార్చగలిగితే ఇంకా మంచిది. ఒకే దిశలో నెలల తరబడి పారితే చెత్త ఎప్పుడూ ఒకే చోట పడుతుంది.

ఏ పద్ధతైనా పంపును నీటి మట్టానికి 2, 3 అంగుళాల కింద పెట్టి, మూతిని పైకి కొంచెం ఎత్తండి. నీటి పైన లైటు వెలుగు మిలమిల కదలాలి. పైపొర కదలకపోతే ఆక్సిజన్ లోపలికి రాదు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. మరీ పైకి ఎత్తితే గాలి పీల్చుకుని బుడగలు, చిటపట, తొట్టి అంచున ఉప్పు గడ్డలు. ధార నేరుగా ఏ పగడానికీ తగలకూడదు, ఒక అడుగు లోపు అసలే వద్దు. చోటు లేకపోతే మూతిని ముందు అద్దం వైపు ఏటవాలుగా తిప్పండి. అద్దానికి తగిలి చెదిరిన నీరు మెత్తగా పరుచుకుంటుంది.

ఆనిమోన్ (పువ్వులా కనిపించే, చోటు మారే సముద్రజీవి) ఉంటే పంపు జాలీకి స్పాంజి తొడుగు తప్పనిసరి. అది నడుచుకుంటూ పోయి ప్రొపెల్లర్‌లో పడితే దానితో పాటు తొట్టంతా విషమయం అవుతుంది.

ఐదో అడుగు: నూలుపోగు పరీక్ష

నా లెక్కలో ఈ మార్గదర్శి మొత్తానికీ ముఖ్యమైన పని ఇది. పైసా ఖర్చు లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

పొడవాటి ప్లాస్టిక్ పుల్ల చివర మూడంగుళాల తెల్ల నూలుపోగు కట్టండి. తొట్టిని మనసులో తొమ్మిది గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో పైన, మధ్యలో, అడుగున పుల్ల పెట్టి పోగును గమనించండి. పోగు తిన్నగా సాగి ఒకేవైపు బిగుసుకుని ఉంటే అక్కడ ధార గట్టిగా, ఒకే దిశలో తగులుతోంది. పోగు అటూ ఇటూ కొట్టుకుంటూ తిరుగుతుంటే గజిబిజి ప్రవాహం, పగడానికి అది మంచి చోటు. పోగు వేలాడిపోతే అక్కడ నీరు చచ్చిపోయింది. ఒక కాగితం మీద తొట్టి బొమ్మ గీసి ఈ మూడు రకాలూ గుర్తు పెట్టుకోండి. రాళ్ల వెనక, మూలల్లో, పెద్ద రాయి కింద తప్పకుండా చూడాలి.

వేగం తెలుసుకోవాలంటే ఐసుగడ్డగా అమ్మే బ్రైన్ ష్రింప్ మేతను (రొయ్యల్లాంటి చిన్న జీవులు) ఐసు కరిగించి కొంచెం సిరంజితో వదలండి. ముందు అద్దం బయట స్కేలు అంటించి ఒక అడుగు దూరం దాటడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టండి. మూడు సెకన్లు పడితే సెకనుకు 10 సెంటీమీటర్లు. మెత్తటి, కండ పగడాలకు ఆ మాత్రం హాయి. కొమ్మ పగడాలుండే పైచోట్లలో దానికి రెట్టింపు ఉన్నా భయపడక్కర్లేదు. ఆరేడు సెకన్లు పట్టే చోట మష్రూమ్‌లు పెట్టండి.

చచ్చిన చోటు దొరికితే పంపు వేగం పెంచేయకండి. ముందు దిశ మార్చి చూడండి, పది డిగ్రీలు తిప్పితేనే చాలాసార్లు పోతుంది. తర్వాత అడ్డంగా ఉన్న రాయిని కదపండి. అప్పటికీ కుదరకపోతే రాళ్ల వెనక చిన్న పంపు ఒకటి అదనంగా దాచిపెట్టండి.

ఆరో అడుగు: కంట్రోలర్ అమరికలు

డీసీ వేవ్‌మేకర్లతో వచ్చే కంట్రోలర్‌లో అలల మోడ్, యాదృచ్ఛిక మోడ్, మేత మోడ్, రాత్రి మోడ్ ఉంటాయి. మామూలు రోజుకు యాదృచ్ఛికం పెట్టి వదిలేయండి. అలల మోడ్ చూడ్డానికి బాగుంటుంది గానీ తొట్టి మొత్తం అటూ ఇటూ ఊగేలా లయ కుదిరిందంటే స్టాండు మీద, అద్దం అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. మిద్దె మీద గదిలో, సన్నటి ఇనుప స్టాండు మీద తొట్టి ఉన్నవాళ్లు ఆ మోడ్ జోలికి పోకండి. మేత మోడ్ పది నిమిషాలు ఆపి తానే మొదలయ్యేది అయితేనే వాడండి. చేత్తో స్విచ్ ఆపి మరిచిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రాత్రి మోడ్ గురించి నాది వేరే అభిప్రాయం. రాత్రి ప్రవాహం బాగా తగ్గించమని చెప్పేవాళ్లున్నారు. ఏసీ గదిలో ఉన్నవాటికి, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) ఉన్న తొట్లకు అది సరే. మన ఊళ్లో ఆక్సిజన్ అడుగంటేది ఆ తెల్లవారుజామునే. ఎండాకాలంలో రాత్రి మోడ్ పూర్తిగా ఆపేయండి, పైపొర కదిలించే పంపునైనా నిండు వేగంతో నడవనివ్వండి.

పగడాలు చెప్పేది వినడం

పంపు మార్చాక మూడు నాలుగు రోజులు ఏమీ ముట్టుకోకండి. టార్చ్, హ్యామర్ పగడాలు నెమ్మదిగా అన్ని వైపులా ఊగుతుంటే సరైన చోట ఉన్నట్టే. ఒకవైపే వాలిపోయి, రెండోవైపు తెల్లటి అస్థిపంజరం అంచు కనిపిస్తుంటే ధార నేరుగా తగులుతోంది. జోయాంథస్ పగలల్లా మూసుకునే ఉంటే ప్రవాహం ఎక్కువై ఉండొచ్చు, వాటి మధ్య మట్టిలా చెత్త నిలిచి ఉంటే తక్కువైనట్టు. లెదర్ పగడం అప్పుడప్పుడు ముడుచుకుని మైనపు పొరలాంటిది వదులుతుంది. జబ్బేమో అని హడలిపోయి మందులు పోయకండి, ప్రవాహం కాస్త పెంచితే ఆ పొర ఊడిపోతుంది. కొమ్మ పగడాల్లో పాలిప్‌లు, అంటే పువ్వుల్లా విచ్చుకునే చిన్న నోళ్లు, బయటికి రాకపోవడం, కొమ్మల మొదట్లో చర్మం పోవడం రెండూ తరచు నీరు లోపలికి దూరట్లేదని చెప్పే గుర్తులు.

ఇసుక మీద ఎర్రటి వెల్వెట్ గుడ్డలా పరుచుకునేది సైనోబ్యాక్టీరియా. అది నూలుపోగు వేలాడిన చోటే మొదలవడం మీరే చూస్తారు. మేత తగ్గించడం, సిరంజితో పీల్చేయడం, ప్రవాహం అటు మళ్లించడం మూడూ కలిపి చేస్తేనే పోతుంది.

ఎండాకాలం

తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. కర్తరి రోజుల్లో మిద్దె కింద గదుల్లో అర్ధరాత్రికి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. పలమనేరు, కుప్పం వైపు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పగడాల తొట్టికి 24 నుంచి 27 డిగ్రీలు మంచిది. మంచినీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. అదే వేడిలో సముద్రపు నీరు 6.7 మాత్రమే. 30 డిగ్రీలకు చేరితే అది 6.2కు పడిపోతుంది. జీవులకు మాత్రం వేడి పెరిగేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుకే వేసవిలో ప్రవాహం అంటే ముందుగా పైపొర కదలిక.

నీటిలో మునిగిన పంపు తినే ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది. నేరుగా ఇంటి కరెంటు (ఏసీ) మీద నడిచే పాత పంపులు మూడు నాలుగు ఉంటే మార్చి లోపు తక్కువ వాట్ల డీసీ వాటికి మారండి. సంప్ మీద, నీటి పైపొర మీద చిన్న ఫ్యాన్ వీచేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 160 లీటర్ల తొట్టిని మూడు డిగ్రీలకు పైగా చల్లబరచేంత వేడిని తీసుకుపోతుంది. మన ఎండలు పొడిగా ఉండడం ఇందుకు కలిసొస్తుంది. అయితే ఆవిరయ్యేది నీరు, ఉప్పు అక్కడే మిగులుతుంది. రోజుకు రెండున్నర లీటర్లు ఆవిరై వారం పాటు నింపకపోతే వెయ్యికి 35 వంతులున్న లవణీయత (నీటిలో ఉప్పు పాలు) 39 దాటుతుంది. ఆవిరైనంత మంచినీరు రోజూ పోయాలి, ఉప్పునీరు కాదు.

ఆ మంచినీరు కల్యాణి డ్యాం కుళాయిదైనా, బోరుదైనా నేరుగా పనికిరాదు. ఆర్‌ఓ వడపోత తర్వాత, మిగిలిన లవణాలను తీసేసే డీఐ రెసిన్ దాటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నా చూపాలి. వంటింటి ప్యూరిఫయర్ నీళ్లు వాడేవాళ్లు ఒకటి చూసుకోండి: కొన్ని మోడళ్లు ఆరోగ్యానికని నీటిలో రాగి కలుపుతాయి. రాగి పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషం.

కరెంటు పోతే

కిక్కిరిసిన తొట్టిలో పంపులన్నీ ఆగితే కొన్ని గంటల్లోనే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇన్వర్టర్ లైనుకు ఒక్క వేవ్‌మేకర్లే కలపండి. చిల్లర్, హీటర్, లైట్లు, తిరుగు పంపు అక్కర్లేదు. ఇళ్లలో సాధారణంగా ఉండే 12 వోల్టుల 150 యాంపియర్-అవర్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉంటాయి. సగమే వాడుకున్నా 900. రెండు వేవ్‌మేకర్లకు 25 వాట్లు, ఇన్వర్టర్ తాను తినేది 15 అనుకుంటే 22 గంటలు వస్తుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్లు రెండు మూడు దాని మీదే తిరిగితే లెక్క నాలుగు గంటల దగ్గరికి దిగుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ పంపులు గుర్రుమంటాయి, వేడెక్కుతాయి. కొత్తది కొనేటప్పుడు సైన్ వేవ్ తీసుకోండి. ఇన్వర్టర్ లేనివాళ్లు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. అదీ లేని సమయంలో చెంబుతో నీరు తీసి అడుగెత్తు నుంచి మళ్లీ పోస్తూ ఉండండి, ఐదు నిమిషాలకోసారి పది చెంబులు. చేపల ప్రాణం నిలుస్తుంది.

కరెంటు, ఉప్పునీరు పక్కపక్కన ఉన్నాయని మరవద్దు. తొట్టి ప్లగ్గులకు 30 మిల్లీయాంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా పెట్టండి, వైరు వెంట జారే నీరు సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. చెయ్యి ముంచే ముందు స్విచ్ ఆపడం అలవాటు చేసుకోండి.

నిర్వహణ

వారానికోసారి నీరు మార్చే ముందు సిరంజి గానీ చిన్న పంపు గానీ తీసుకుని రాళ్ల మీద, సందుల్లో నీటిని చిమ్మండి. లేచిన చెత్తను వడపోతకు పోనిచ్చి, అరగంట తర్వాత నీరు తీయండి.

వేవ్‌మేకర్లకు గులాబీ రంగు కోరలైన్ పాచి, సున్నం పడుతుంది. ప్రవాహం కొద్దికొద్దిగా తగ్గుతుంది కనుక కంటికి తెలియదు. రెండు మూడు నెలలకోసారి విప్పాలి. బకెట్‌లో గోరువెచ్చని నీరు, లీటరుకు రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, పంపును అందులోనే గంటసేపు నడపండి. లోపలి సున్నం కూడా కరుగుతుంది. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మంచినీటితో కడగండి. సబ్బు తగలనీయొద్దు. ప్రొపెల్లర్ లోపలి సిరామిక్ ఇరుసు పెళుసు, నేల మీద పడితే రెండు ముక్కలే. అది విడిగా దొరకాలంటే చెన్నై కొళత్తూరు దాకా పోవాల్సి రావచ్చు, కాబట్టి పంపు కొన్నప్పుడే అదనంగా ఒకటి అడిగి పెట్టుకోండి.

ఏడాది గడిచాక పగడాలే నీటికి అడ్డం వస్తాయి. అరచేతంత ఉన్న లెదర్ గొడుగులా విప్పుకుని వెనకున్నవాటికి ప్రవాహం ఆపేస్తుంది. కొమ్మ పగడం గుబురై లోపలి కొమ్మలు చచ్చిపోవడం మొదలవుతుంది. పంపు శుభ్రం చేసి తిరిగి పెట్టిన ప్రతిసారీ మూతి దిశ పాత గుర్తుకే ఉందో లేదో చూసి, కాగితం మీది బొమ్మను మళ్లీ గీయండి. పోగు వేలాడే గళ్లు పెరిగితే ముందు అడ్డొచ్చిన పగడాన్ని కత్తిరించి ముక్కను ఇంకోచోట అంటించండి. అది చేశాకే పంపు వేగం ఒక మెట్టు పెంచండి.